రాత్రి ఎనిమిదికి రోవర్ ఫిక్స్ పోతోందా? మీ డాబా మీదే కొలిచి తేల్చుకోండి

"పగలంతా బాగానే పనిచేసిన రోవర్ రాత్రి ఏడున్నర దాటగానే ఫిక్స్ వదిలేసి ఫ్లోట్‌లో కూర్చుంటోంది. రిసీవర్ పోయిందా? సిమ్ మార్చాలా? యాంటెన్నా కొత్తది కొనాలా?" టెక్కలి, ఆమదాలవలస, చీపురుపల్లి, బొబ్బిలి... అడిగే ఊరు మారుతుంది గాని ప్రశ్న మారదు. (రోవర్ అంటే చేలు కొలిచే ఉపగ్రహ రిసీవరు. అది సెంటీమీటర్లలో చోటు తేల్చేస్తే ఫిక్స్, ఇంకా తేల్చలేకపోతే ఫ్లోట్.) మార్చి, అక్టోబరు నెలల్లో మరీ ఎక్కువగా అడుగుతారు. దానికి జవాబు కొన్నిసార్లు నిజంగానే ఆకాశంలో, ఎండకు ఎలక్ట్రాన్లు విడివడి ఉండే అయనావరణం అనే పై పొరలో ఉంటుంది. కానీ "అయనావరణం వల్ల" అనేసి చేతులు దులుపుకోవడం ఈమధ్య మరీ తేలికైపోయింది. కొబ్బరిచెట్టు చేసిన పని, వదులైన కనెక్టరు చేసిన పని కూడా దాని ఖాతాలోకే పోతున్నాయి. అందుకే ముందు కొలవండి. ఒక చవక రిసీవరు, ఒక డాబా, ఐదు రాత్రులు ఉంటే చాలు.

ముందు ఐదు నిమిషాల్లో తేలిపోయేవి

ఫిక్స్ పోయినప్పుడు కంట్రోలర్ తెరమీద మూడు సంఖ్యలు చూసి, టైముతో సహా రాసుకోండి: కరెక్షన్ ఏజ్ (బేస్ స్టేషను నుంచి వచ్చే సవరణ ఎన్ని సెకన్ల పాతదో), ఉపగ్రహాల సంఖ్య, పీడాప్ (ఉపగ్రహాలు ఆకాశంలో ఎంత బాగా పరుచుకున్నాయో చెప్పే సంఖ్య, తక్కువైతే మంచిది).

ఏజ్ 1, 2 సెకన్ల దగ్గర నిలకడగా ఉండకుండా 10, 20, 30 అని ఎక్కుతూ పోతోందంటే మీ సమస్య మొబైల్ డేటా. ఆకాశాన్ని వదిలేసి సిమ్ సంగతి చూడండి. ఏజ్ బాగానే ఉండి, ఉపగ్రహాలు 25 నుంచి ఒక్కసారిగా 8కి పడి అక్కడే ఉండిపోతే యాంటెన్నా కేబులో, కనెక్టరో. ఏజ్ బాగుండి, ఉపగ్రహాల సంఖ్య నిమిషానికోసారి 25, 19, 23, 17 అని ఊగుతూ, ఫిక్స్ వస్తూ పోతూ ఉంటే, అప్పుడు అయనావరణాన్ని అనుమానించాలి. పక్క మండలంలో ఇంకో టీము ఉంటే ఫోన్ చేసి అడగండి. ఆ పొరలో పుట్టే బుడగల (వీటి సంగతి కింద ఉంది) ప్రభావం ఒక్క చేనుకో ఒక్క ఊరికో పరిమితం కాదు.

ఇంకో మాట. టీవీ డిష్‌లో బొమ్మ పోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఆ తరంగాలు 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. వాటిని అడ్డుకునేది వాన, ఈ పొర కాదు.

పైన ఏం జరుగుతోంది, నాలుగు ముక్కల్లో

మనకు పొద్దు గుంకినా 110 కిలోమీటర్ల ఎత్తున ఇంకో ముప్పావుగంట, 350 కిలోమీటర్ల ఎత్తున గంటంపావు పైనే ఎండ ఉంటుంది. చీకటి పడగానే కింది పొరలో ఎలక్ట్రాన్లు త్వరగా అయాన్లతో కలిసిపోయి ఆ పొర పలచబడుతుంది. పై పొర దట్టంగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే అయస్కాంత మధ్యరేఖ మీద తూర్పు దిశ విద్యుత్ క్షేత్రం కాసేపు పెరిగి, ఆ పై పొరను ఇంకా పైకి ఎత్తుతుంది. ఆ రేఖ మన దేశం దక్షిణ కొన దగ్గరగా పోతుంది. 1963లో మన తొలి రాకెట్ ఎగిరిన, తిరువనంతపురం దగ్గరి తుంబాను కేంద్రంగా ఎంచుకున్నది అందుకే. దట్టమైనది పైన, పలచనిది కింద అయ్యాక ఇంకేముంది, నూనె గిన్నెలో నీళ్లు పోసినట్టే. నూనె బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. ఈ బుడగలు అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు సాగుతాయి. మన అక్షాంశం దాకా రావాలంటే మధ్యరేఖ మీద వాటి తల సుమారు 600 కిలోమీటర్ల ఎత్తుకు చేరాలి. అందుకే ప్రతి రాత్రీ రావు.

బుడగ అంచుల్లో మూడు నాలుగు వందల మీటర్ల సైజు గడ్డలు ఉంటాయి. అవి సెకనుకు 100 మీటర్ల పైచిలుకు వేగంతో తూర్పుకు జరుగుతుంటే, వాటి గుండా వచ్చే సిగ్నల్ నక్షత్రంలా మిణుకుమంటుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. ఒక్కో మిణుకు మూడు నాలుగు సెకన్లు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, సెట్టింగుల్లో పనికొస్తుంది.

ఏ నెలల్లో? మన దగ్గర అయస్కాంత సూదికీ అసలు ఉత్తరానికీ తేడా దాదాపు సున్నా. కాబట్టి విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) దగ్గర పగటినీ రాత్రినీ విడదీసే చీకటి గీత అయస్కాంత రేఖ వెంబడే నడిచి, రేఖ రెండు కొసల్లోనూ కింది పొర ఒకేసారి చీకటి పడుతుంది. బుడగలు పుట్టడానికి అదే అదను. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామిని తాకే మార్చి, అక్టోబరు నెలలు గుర్తుపెట్టుకుంటే చాలు. అటూ ఇటూ ఒక నెల కలుపుకుంటే అదే సీజను. మే నుంచి జూలై దాకా చాలా తక్కువ. సూర్యుడి పదకొండేళ్ల చక్రం కూడా ఉంది. 25వ చక్రం 2024లో గరిష్ఠానికి చేరింది. చక్రం దిగే ఏళ్లలో ఇలాంటి రాత్రులు తగ్గుతూ పోతాయి.

కావలసినవి

- యూ-బ్లాక్స్ ఎం8, ఎం10 లేదా ఎఫ్9పీ చిప్ ఉన్న యూఎస్‌బీ రిసీవర్ ఒకటి. ఎల్1తో పాటు ఎల్5 (ఉపగ్రహాలు సిగ్నల్ పంపే రెండు బ్యాండ్ల పేర్లు) కూడా అందుకునేది ఉంటే ఇంకా మంచిది. ఎందుకో 9వ మెట్టులో చూడండి.
- అయస్కాంతం అడుగున్న ప్యాచ్ యాంటెన్నా, 3 నుంచి 5 మీటర్ల కేబుల్‌తో.
- యాంటెన్నా కింద పెట్టడానికి కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పున్న లోహపు రేకు. పాత ఇనప దోసె పెనం బోర్లించినా చాలు, అయస్కాంతం పట్టుకుంటుంది. స్టీలు పళ్లెమైతే చాలావాటికి అయస్కాంతం అంటుకోదు, టేపు వేయాలి.
- ఆరుగంటలు నడిచే ల్యాప్‌టాప్. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఉండేలా చూసుకోండి.
- యూ-సెంటర్ సాఫ్ట్‌వేర్. లినక్స్ వాడేవాళ్లు పోర్టులో వచ్చేదాన్ని నేరుగా ఫైల్లోకి పంపుకోవచ్చు.
- ఎక్సెల్ లేదా లిబ్రెఆఫీస్.
- ఇన్సులేషన్ టేపు, నోటుపుస్తకం. కళింగపట్నం, భావనపాడు లాంటి తీర ఊళ్లలో టేపు మరిచిపోవద్దు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపట్టి, ఆ తుప్పే మిణుకులు పుట్టిస్తుంది.

మెట్లు

1. చోటు ఎంచుకోండి. డాబా మధ్యలో, పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ దూరంగా పెట్టండి. పక్కన రేకుల షెడ్డు ఉంటే దానికి వీలైనంత ఎడం ఉండాలి. నాలుగు దిక్కులా 30 డిగ్రీల పైన ఆకాశం కనిపించాలి. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే చెట్టుకొమ్మ ఏదీ నేలా ఆకాశం కలిసే గీత నుంచి మూడు పిడికిళ్ల ఎత్తు దాటకూడదు. ఉద్దానం వాళ్లకు ఇది కష్టమే, ఏ దిక్కు చూసినా కొబ్బరి. కానీ ఇక్కడ రాజీ పడొద్దు. సాయంత్రం సముద్రపు గాలికి మట్టలు ఊగితే సిగ్నల్ కూడా మూడు నాలుగు సెకన్లకోసారి పడి లేస్తుంది. కాగితం మీద అది అచ్చం సింటిలేషన్‌లాగే ఉంటుంది. వేరే చోటు లేకపోతే చెట్లున్న దిక్కు కోణాలు కొలిచి రాసుకుని, లెక్కలో ఆ దిక్కు ఉపగ్రహాలను వదిలేయండి.

దక్షిణం మూసుకుపోయిన డాబా మాత్రం వద్దు. శ్రీకాకుళం నుంచి దక్షిణాన 30 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహం సిగ్నల్, 350 కిలోమీటర్ల ఎత్తున ఆ పొరను దాటేది బంగాళాఖాతం మీద, చెన్నై అక్షాంశానికి కాస్త ఉత్తరంగా. బుడగలు ముందు అక్కడికే చేరతాయి. ఉత్తరాన అదే ఎత్తులో చూస్తే రాంచీ అక్షాంశం దగ్గర దాటుతుంది. ఎలక్ట్రాన్లు బాగా పోగుపడే పట్టీ అక్కడే కాబట్టి, బుడగ అంతదాకా సాగిన రాత్రుల్లో ఉత్తరపు ఉపగ్రహాలే ఎక్కువ దెబ్బతింటాయి.

2. రిసీవరు సెట్ చేయండి. సెకనుకు ఒక రీడింగు చాలు. 5 రీడింగులు పెట్టినా నష్టం లేదు గాని, చాలా చవక రిసీవర్లు బలాన్ని లోపలే సగటు చేసి ఇస్తాయి కాబట్టి లాభం తక్కువ. 5 సెకన్లకు ఒకటి మాత్రం పెట్టొద్దు. మిణుకే మూడు నాలుగు సెకన్లు, మధ్యలో జారిపోతుంది. రిసీవరు పంపే వాక్యాల్లో జీజీఏ (స్థానం), ఆర్ఎంసీ (టైము, తేదీ), జీఎస్‌వీ మూడే ఉంచి మిగతావి ఆపేయండి. సీరియల్ తీగ వాడితే వేగం 115200కి మార్చండి. పాత 9600లో సెకనుకు 960 అక్షరాలే పోతాయి. రెండు బ్యాండ్లలో 30 ఉపగ్రహాల జీఎస్‌వీ వరసలకు అది చాలదు. కొన్ని వరసలు మధ్యలో తెగి, మీరు వాటిని లాక్ (ఉపగ్రహం సిగ్నల్ మీద రిసీవరు పట్టు) పోయినట్టు పొరబడతారు. నేరుగా యూఎస్‌బీ అయితే ఈ బెడద లేదు.

3. పగటి రీడింగు తీయండి. ఉదయం 10:30 నుంచి 11:30 దాకా ఒక గంట. ఇదే మీ రిసీవరు సొంత గరగర. దీన్ని దాటేసి నేరుగా రాత్రికి వెళ్లేవాళ్లే ఎక్కువ. తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

4. రాత్రి రికార్డు చేయండి. సాయంత్రం 6:30 నుంచి రాత్రి 12:30 దాకా, వరసగా ఐదు రాత్రులు. యాంటెన్నాను అంగుళం కూడా కదపొద్దు. ఫైలు రాత్రికి సుమారు 20 మెగాబైట్లు వస్తుంది. అందులో టైము యూటీసీలో (గ్రీన్విచ్ టైములో) ఉంటుంది, 5:30 కలుపుకోండి: 14:30 అంటే మన ఎనిమిది. యూటీసీ తేదీ మారేది మన తెల్లవారుజామున 5:30కి కాబట్టి రాత్రంతా ఒకే తేదీలో ఉంటుంది. శ్రీకాకుళంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఊరు 83.9 దగ్గరుంది. గడియారానికీ స్థానిక కాలానికీ తేడా ఆరు నిమిషాల లోపే, మళ్లీ లెక్కలు అక్కర్లేదు.

హెచ్చరిక: మార్చి నెలాఖరు నుంచి సాయంత్రాల్లో ఉరుములు మెరుపులు వస్తాయి. ఉరుము వినిపించగానే డాబా ఎక్కొద్దు. ల్యాప్‌టాప్ దగ్గర తీగ పీకేసి ఆ రాత్రికి మానేయండి.

5. ఒక్కో ఉపగ్రహాన్ని విడదీయండి. జీఎస్‌వీ వరసలో ఉపగ్రహానికి నాలుగు సంఖ్యలు వరసగా ఉంటాయి. ఉదాహరణకు "17, 52, 195, 44" అంటే 17వ నంబరు ఉపగ్రహం, 52 డిగ్రీల ఎత్తున, 195 డిగ్రీల దిక్కున అంటే దక్షిణానికి కాస్త పడమరగా, బలం 44 డీబీ-హెర్ట్జ్. ఆ వరసలో టైము ఉండదు. దాని ముందున్న ఆర్ఎంసీ నుంచి తీసుకోవాలి. 30 డిగ్రీల కంటే కిందున్నవి వదిలేయండి.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి. ఒకటి, జీపీఎస్ 17, చైనావాళ్ల బైడూ 17 వేరువేరు. వరస మొదటి అక్షరాలు చూసి విడగొట్టండి. రెండు, రెండు బ్యాండ్ల రిసీవరు ఒకే ఉపగ్రహాన్ని ఎల్1కి ఒకసారి, రెండో బ్యాండుకి ఒకసారి ఇస్తుంది. అవి కలిసిపోతే 44, 38, 44, 38 అని కనిపించి లేని సింటిలేషన్ పుడుతుంది. మూడు, బలం ఖాళీగా ఉంటే సున్నా వేయకండి. "లాక్ పోయింది" అని వేరే గడిలో గుర్తు పెట్టండి.

6. ఎస్4 లెక్కకట్టండి. బలం ఎంత శాతం ఊగుతోందో చెప్పే సంఖ్య ఇది. డీబీల మీద నేరుగా లెక్క కట్టకూడదు. ముందు మామూలు శక్తిలోకి మార్చాలి. బలాన్ని 10తో భాగించి, వచ్చినదాన్ని 10కి ఘాతంగా వేయండి. 40 అయితే 10,000 వస్తుంది. 44 అయితే 25,119. అరవై సెకన్ల విలువలు తీసుకుని సగటు, ప్రామాణిక విచలనం కట్టి, విచలనాన్ని సగటుతో భాగిస్తే ఎస్4.

చేత్తో ఒకసారి చేసి చూస్తే మనసుకు పడుతుంది. ఎనిమిది సెకన్లు తీసుకుందాం: 44, 46, 39, 32, 41, 47, 45, 36. శక్తిలోకి మారిస్తే 25119, 39811, 7943, 1585, 12589, 50119, 31623, 3981. సగటు సుమారు 21,600, విచలనం సుమారు 16,700. భాగిస్తే 0.77. ఇది గట్టి సింటిలేషన్. నాలుగో సెకనులోని 32 చూడండి. రెండు సెకన్ల ముందు 46 ఉంది. అంటే శక్తి ఇరవై ఐదో వంతుకు పడిపోయింది. రోవరు తరంగం లెక్క తప్పేది ఇలాంటి గుంటలోనే. దాన్నే సైకిల్ స్లిప్ అంటారు.

ఇప్పుడు ప్రశాంతమైన ఎనిమిది: 45, 45, 44, 45, 46, 45, 45, 44. ఎస్4 0.14 వస్తుంది. పైన ఏమీ లేకపోయినా సున్నా రాదు. బలం పూర్తి సంఖ్యల్లోనే వస్తుంది, రిసీవరు గరగర కూడా అందులో కలిసి ఉంటుంది. మీ పగటి రీడింగులో వచ్చిన ఎస్4ని రాత్రి దాంట్లోంచి ఇలా తీసేయండి: రాత్రి విలువ వర్గంలోంచి పగటి విలువ వర్గం తీసి వర్గమూలం కట్టండి. రాత్రి 0.30, పగలు 0.14 అయితే మిగిలేది 0.27. పెద్ద విలువల్లో తేడా పెద్దగా ఉండదు, 0.77 కాస్తా 0.76 అవుతుంది. 0.3 లోపు బలహీనం, 0.3 నుంచి 0.6 మధ్యస్థం, పైన గట్టిది.

7. గ్రాఫు గీయండి. అడ్డంగా టైము, నిలువుగా ఎస్4, ఉపగ్రహానికో రంగు. లాక్ పోయిన నిమిషాలను ఎర్ర చుక్కలతో పెట్టండి. బాగా గట్టి రాత్రుల్లో ఎస్4 కంటే ఆ చుక్కలే అసలు సంగతి చెబుతాయి.

8. నాలుగు నిమిషాల పరీక్ష. మొత్తం పనిలో విలువైన మెట్టు ఇదే. జీపీఎస్ ఉపగ్రహం అదే చోటికి సుమారు 23 గంటల 56 నిమిషాలకు తిరిగి వస్తుంది. ట్యాంకు మీదో గోడ మీదో పడి వచ్చిన ప్రతిధ్వని వల్ల ఊగిసలాట వస్తే, అది మర్నాడు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందు మళ్లీ కనిపిస్తుంది. సోమవారం 17వ ఉపగ్రహంలో 8:40కి గుట్ట లేస్తే మంగళవారం 8:36కి చూడండి, బుధవారం 8:32కి. ప్రతిసారీ ఉంటే అది మీ డాబా తప్పు. ఒకరోజు ఉండి మర్నాడు లేకపోతే, లేదా అడ్డదిడ్డమైన టైములో వస్తే, అది పైనుంచి వచ్చింది. జీపీఎస్‌తోనే చేయండి. రష్యావాళ్ల గ్లొనాస్ అదే చోటికి వచ్చేది ఎనిమిది రోజులకు, ఐరోపావాళ్ల గెలీలియో పది రోజులకు.

9. సాక్ష్యం పోగుచేయండి. ఈ కింది వాటిలో కనీసం మూడు కలిస్తేనే "సింటిలేషన్" అని రాసుకోండి.

- రాత్రి ఏడు తర్వాతే మొదలైంది, పగలు లేదు.
- 30 డిగ్రీల పైన కనీసం రెండు ఉపగ్రహాల్లో, పదేసి నిమిషాలు 0.3 దాటింది.
- అదే సమయంలో ఇంకో దిక్కున కొన్ని ఉపగ్రహాలు ప్రశాంతంగా ఉన్నాయి. ఆకాశమంతా ఒక్కసారే కుప్పకూలితే అది యాంటెన్నా, కరెంటు, లేదా చుట్టుపక్కల రేడియో గోల.
- ఎల్5 ఉంటే, ఎల్1 కంటే ఎల్5లో ఎక్కువ ఊగింది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఈ మిణుకు పెరుగుతుంది. బలహీనంగా ఉన్నప్పుడు ఎల్5 ఎస్4 సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఎల్1 గిలగిలలాడుతూ ఎల్5 నింపాదిగా ఉంటే పక్కింటి చవక ఎల్ఈడీ బల్బు డ్రైవరునో, కెమెరా అడాప్టరునో వెతకండి.
- పడమటి ఉపగ్రహం ముందు, తూర్పుది తర్వాత దెబ్బతింది. పడమర 45 డిగ్రీల్లో ఒకటి, తూర్పు 45లో ఒకటి ఉంటే, ఆ ఎత్తున వాటి దారుల మధ్య దూరం 650 కిలోమీటర్ల పైనే. బుడగకు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. వెనక కొత్త బుడగలు పుడుతుంటే ఈ వరస చెదిరిపోతుంది కాబట్టి ఇదొక్కటే పట్టుకుని కూర్చోకండి.

గగన్ (జీపీఎస్ తప్పులు సవరించే మన దేశపు వ్యవస్థ) ఉపగ్రహాలు దీనికి మంచి దీపస్తంభాలు. జాబితాలో 127, 128, 132 అని కనిపిస్తాయి. కొన్ని రిసీవర్లు 87 తీసేసి 40, 41, 45 అని చూపిస్తాయి. ఇవి ఆకాశంలో కదలవు. 128వది జీశాట్-10, 83 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. అంటే దాదాపు మన నెత్తిన, దక్షిణంగా 68 డిగ్రీల ఎత్తున. ఉపగ్రహం కదలదు, యాంటెన్నా కదలదు, ప్రతిధ్వని కూడా మారదు. కాబట్టి దాని గీత రాత్రంతా చదునుగా ఉండి 8:50కి ఉన్నట్టుండి వణికితే అది చాలా నమ్మదగిన సాక్ష్యం.

తరచూ జరిగే పొరపాట్లు

కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే సంఖ్య) తక్కువుంది కాబట్టి ఈ రాత్రి ఏమీ ఉండదనుకోవడం. అయస్కాంత తుపాను లేని ప్రశాంతమైన రోజుల్లోనే ఈ బుడగలు ఎక్కువగా వస్తాయి. తుపాను కొన్నిసార్లు వాటిని పుట్టిస్తుంది, కొన్నిసార్లు అణిచేస్తుంది. కేపీ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, చూసి బెదిరిపోవద్దు కూడా.

మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఫోను నాలుగైదు మీటర్లు పక్కకు చూపిస్తే దాన్ని సింటిలేషన్ అనడం. అది వేరే జబ్బు. ఎలక్ట్రాన్లు పగటి గరిష్ఠంలో ఉండి సిగ్నల్‌ను ఆలస్యం చేస్తాయి. దారిలోని ఎలక్ట్రాన్లను కొలిచే ఒక్కో టెక్ యూనిట్‌కు ఎల్1 మీద 16 సెంటీమీటర్లు. 60 యూనిట్లుంటే నెత్తిమీది ఉపగ్రహానికే దాదాపు పది మీటర్లు. ఫోనులోని మామూలు నమూనా అందులో సుమారు సగమే సరిచేస్తుంది. రెండు బ్యాండ్లుంటే ఈ ఆలస్యాన్ని దాదాపు పూర్తిగా తీసేయొచ్చు. కానీ లాక్ పోవడాన్ని రెండు బ్యాండ్లు కూడా ఆపలేవు.

రికార్డు నడుస్తుండగా డాబా మీద నడవడం. ప్యాచ్ యాంటెన్నా పక్కన మనిషి నిలబడితే ఐదారు డీబీలు తేలిగ్గా పోతాయి. అన్నం తిని చల్లగాలికి పైకి వచ్చేది కూడా సరిగ్గా ఆ ఎనిమిది, తొమ్మిది మధ్యే!

ఫోను ఒక్కటే ఉంటే

ఆండ్రాయిడ్‌లో జీఎన్ఎస్ఎస్ లాగర్ అనే, ఉపగ్రహాల బలం రికార్డు చేసే యాప్ వేసుకోండి. డెవలపర్ ఆప్షన్లలో పూర్తి జీఎన్ఎస్ఎస్ కొలతలు నిర్బంధంగా తీసే స్విచ్ ఉంటుంది, ఆన్ చేయండి. లేకపోతే బ్యాటరీ మిగల్చడానికి ఫోను మధ్యమధ్యలో రిసీవరును ఆపుతుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, లొకేషన్ ఆన్‌లో ఉంచి, దోసె పెనం మీద వెల్లకిలా పెట్టి వదిలేయండి. ఫోను యాంటెన్నా చిన్నది కాబట్టి పగటి ఎస్4 0.2 పైనే ఉండొచ్చు. బలహీనమైన రాత్రులు దీనికి దొరకవు. గట్టివి దొరుకుతాయి.

తేలాక, రోవర్ వాళ్లు చేయాల్సింది

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, సెప్టెంబరు నుంచి నవంబరు నెలల్లో ఆర్‌టీకే (బేస్ సవరణలతో అక్కడికక్కడే కొలిచే) పని సాయంత్రం 6:30 లోపు ముగించుకునేలా పెట్టుకోండి. ఎండకు భయపడి సాయంత్రానికి జరిపేబదులు తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టడం మేలు. తప్పనిసరై రాత్రి చేయాల్సి వస్తే, అర్ధరాత్రి దాటాక సాధారణంగా కుదుటపడుతుంది.

ఎనిమిది, పదకొండు మధ్యే చేయాల్సి వస్తే: జీపీఎస్, గ్లొనాస్, గెలీలియో, బైడూ అన్నీ ఆన్ చేయండి. బుడగ లేని దిక్కున ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది. ఎత్తు కోణం పరిమితి 15 డిగ్రీల దగ్గర ఉంచండి. 30కి పెంచితే చెడ్డవాటితో పాటు మంచివీ పోయి పీడాప్ పాడవుతుంది. దూరపు కార్స్ స్టేషను (ఎప్పుడూ నడుస్తూ సవరణలు పంపే స్థిర కేంద్రం) బదులు రెండు మూడు కిలోమీటర్లలో సొంత బేస్ పెట్టుకుంటే, రెండు చోట్లా దాదాపు ఒకే ఆకాశం ఉంటుంది. లాక్ పోవడం ఆగదు గాని, తిరిగి ఫిక్స్ త్వరగా పడుతుంది. స్టాటిక్ (రిసీవరును ఒకేచోట ఉంచి తర్వాత లెక్కకట్టే పద్ధతి) అయితే గంటకు బదులు రెండున్నర గంటలు రికార్డు చేసి, లెక్కలో ఊగిన ఉపగ్రహాలను ఊగినంతసేపు తీసేయండి. ఆర్‌టీకేప్లాట్‌లో (రికార్డును గ్రాఫుగా చూపే సాఫ్ట్‌వేర్) బలం గీత తెరిస్తే ఎక్కడ కోయాలో కంటికే తెలుస్తుంది.

అసలు ప్రమాదం ఫ్లోట్ కాదు, తప్పుడు ఫిక్స్. తెరమీద ఫిక్స్ అని పచ్చగా ఉంటుంది, పాయింటు మాత్రం అరమీటరు పక్కన పడుతుంది. గట్టు తగాదా ఉన్న చేను అయితే దాని సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి పాయింటు తీసుకున్నాక యాంటెన్నాను తలకిందులు చేసి లాక్ పూర్తిగా పోనిచ్చి, మళ్లీ ఫిక్స్ తెచ్చుకుని రెండోసారి కొలవండి. రెండూ 3 సెంటీమీటర్లలో కలవాలి. గంటకోసారి తెలిసిన రాయి మీద నిలబెట్టి చూడండి. మర్నాడు పొద్దున, రాత్రి తీసిన పాయింట్లలో పదింటికి రెండు చొప్పున మళ్లీ కొలవండి. ఏ ఒక్కటి 5 సెంటీమీటర్లు దాటినా ఆ గంటలో తీసినవన్నీ కొట్టేసి మళ్లీ తీయండి. ఫీల్డు పుస్తకంలో ఆ గంట పక్కన ఏజ్, ఉపగ్రహాల సంఖ్య రాసి ఉంటే కొట్టేయాల్సినవి ఏవో పొద్దున్నే పది నిమిషాల్లో దొరుకుతాయి. రాయకపోతే రాత్రి పనంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.